పన్నెండు మిల్లీమీటర్ల అద్దం

ఫిబ్రవరి 4

నా తెలుగు పేదది. ముందుగా అందుకు క్షమాపణ చెప్పుకోవాలి. పగలంతా పనిచేసి సాయంత్రం బడికి వెళ్ళి నేర్చుకున్న భాష ఇది. మాకు తెలుగు చెప్పిన పంతులుగారు ఏడాది మధ్యలోనే మానుకుని వెళ్ళిపోయారు. సంధులు వచ్చాయి, సమాసాలు సగంలో ఆగాయి. కనుక ఈ పుటల్లో ఎక్కడైనా వాక్యం కుంటితే ఆ లోపాన్ని నా చదువుకు కట్టాలి గాని నా వాదనకు కట్టకూడదు. ఎవరు కట్టాలో తెలియదు. ఇది నేను తప్ప మరొకరు చదవరు.

కోపం వచ్చింది, అందుకే రాస్తున్నాను.

మా క్లబ్బులో పాడెల్ అనే రాకెట్టు ఆటకు కోర్టు కడుతున్నారు. ఆ పనికి పర్యవేక్షకుణ్ణి నేను. ఈ ఆటలో గోడ హద్దు కాదు, ఆటలో భాగం. బంతి నేలను తాకి, వెనకనున్న అద్దాన్ని కొట్టుకుని తిరిగివస్తే దాన్ని కొట్టవచ్చు. అంటే ఆడేవాళ్ళు అద్దం వైపుకే పరుగెత్తుతారు. కిటికీకి బిగించే అద్దం ఇందుకు పనికిరాదు. ఈ మాటనే ఈరోజు కమిటీ ముందు చెప్పబోయాను. కార్యదర్శిగారు చెయ్యెత్తి ఆపారు.

"అద్దం అద్దమే కదండీ. దానికింత పురాణం ఎందుకు?"

అందరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తున్నవాడు కూడా నవ్వాడు.

పనివాళ్ళు కార్యదర్శిగారిని చాటున 'ఇస్త్రీగారు' అంటారు. ఆయన చొక్కా మీద ముడత చూసినవాడు లేడు. నేను మారుపేర్లు వాడే మనిషిని కాను. ఈ పుస్తకంలో మాత్రం వాడతాను.

ఇస్త్రీగారికి పది మిల్లీమీటర్ల మందం చాలు. నేను పన్నెండు కావాలంటున్నాను. చూపుకు అడ్డం రాకుండా నిలువు కంబాలు తీసేయమన్నది ఆయనే. కంబం తీసేస్తే కంబం ఓర్చుకోవలసిన దెబ్బను అద్దమే ఓర్చుకోవాలి. ఇది తెలుసుకోవడానికి పట్టా అక్కరలేదు. ఆయనకు రెండు పట్టాలున్నాయి.

ఫిబ్రవరి 7

పన్నెండే ఖాయమైంది.

పది పెట్టేటట్టయితే కోర్టు పూర్తయిందన్న కాగితం మీద నా సంతకం ఉండదని లేచి నిలబడి చెప్పాను. ఇస్త్రీగారి చొక్కా మీద ఈరోజు ముడత చూశాను.

చివరికి ఆయన, "సరే, మందం మీదే, రంగూ మీదే, అద్దాల ఎంపిక పూర్తిగా మీదే. తర్వాత నన్ను అడగొద్దు" అన్నారు. బిచ్చం విసిరినట్టు అన్నారు. నేను దాన్ని బిరుదు అందుకున్నట్టు అందుకున్నాను.

ఫిబ్రవరి 12

మా బావమరిది నమూనాలు తెచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, అద్దాల కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. బంధువని అతని కంపెనీని తీసుకోలేదు. పన్నెండు మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దాన్ని, అంటే కాల్చి గట్టిచేసినదాన్ని, ఆ కొలతలో చేసేవాళ్ళు వాళ్ళే. ఈ మాట కమిటీకి ముందే చెప్పి ఉంచాను. నా మీద వేలు చూపించే అవకాశం ఎవరికీ ఇవ్వను.

రెండు రకాలు. ఒకటి తెల్ల అద్దం. రెండవది ఎండపొడ తగ్గించే పూత ఉన్న లేత పొగరంగు అద్దం. ప్రేక్షకుల మెట్లు పడమటి ఎండకు ఎదురుగా ఉన్నాయి. సాయంత్రం కూర్చున్నవాళ్ళకు కళ్ళు చెదురుతాయి. పొగరంగు ముక్కను ఎండకు అడ్డంగా పట్టుకుని చూశాను. సూర్యుడు బుద్ధిమంతుడైపోయాడు.

బావమరిది నవ్వాడు. "బావగారూ, ఇది పెట్టారంటే సూర్యుడు కూడా మీకు దణ్ణం పెట్టి వెళ్ళాలి."

అతనికి ప్రతిదీ వేళాకోళమే. ఇలాంటివాడికి పని ఎవరిచ్చారో అనుకుంటూ ఉంటాను. అయినా ముక్కను ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 16

పొగరంగు పలక ఒకటి తెప్పించి వెనక గోడ స్థానంలో నిలబెట్టించాను. పగలు బ్రహ్మాండంగా ఉంది.

ఆట నేర్పడానికి క్లబ్బు పెట్టుకున్న కోచ్ వచ్చి చూసింది. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి ఆ అమ్మాయికి. ఎముకలూ కళ్ళూ తప్ప ఇంకేమీ లేనట్టుంటుంది, కాని బంతి వెనక పరుగెత్తితే కన్ను తిప్పుకోలేం. లోపలికి వెళ్ళి, అద్దానికి వీపు పెట్టి, మళ్ళీ ముఖం పెట్టి, చాలాసేపు చూసింది.

"పగలు ఇబ్బందేం లేదు సార్. లైట్లు వేశాక లోపల్నుంచి ఒకసారి చూడాలి. పూత ఉన్న అద్దం కదా, లోపల వెలుగూ బయట చీకటీ అయితే ఎలా ఉంటుందో. నేను రేపు పోటీలకి వెళ్ళిపోతున్నా. మీరు చూస్తారా?"

చూస్తానన్నాను. నాకు పని నేర్పుతున్నట్టు అనిపించింది గాని అమ్మాయి మర్యాదగానే అడిగింది.

ఫిబ్రవరి 18

సాయంత్రం తాత్కాలిక లైట్లు వేయించాను. కమిటీ సభ్యులందరూ వచ్చారు. కొత్త ప్లాస్టిక్ పచ్చికలో చల్లిన ఇసుక ఇంకా కుదురుకోలేదు కనుక బూట్లు విప్పి వెళ్ళాలని నియమం. ఇద్దరు సభ్యులు విప్పి లోపలికి వెళ్ళి, పచ్చిక మెత్తన చూసి, పిల్లల్లా గెంతి తిరిగివచ్చారు. సభ్యుల దగ్గర పర్యవేక్షకుడు ఉండటం మర్యాద. నేను వారి దగ్గరే ఉన్నాను.

పొగరంగు ఖాయం చేశాను. బయటి నుంచీ లోపలి నుంచీ చూసే ఖాయం చేశాను. కోచ్‌కు ఫోనులో అదే చెప్పాను. బావమరిదికీ అదే చెప్పాను.

ఫిబ్రవరి 19

ఆర్డరు వెళ్ళింది.

మార్చి 15

అద్దాలు దిగాయి. ఒక్క అంచుకు కూడా పెచ్చు లేదు. బిగించేవాళ్ళ పక్కన నిలబడి ప్రతి మరమేకు కింద రబ్బరు ఉందో లేదో చూశాను. ఇనుము అద్దాన్ని తాకకూడదు. ఒకచోట తాకబోతే విప్పించి మళ్ళీ బిగింపజేశాను. బిగించే మేస్త్రీ గొణుక్కున్నాడు. గొణుక్కోనీ.

మార్చి 22

రేపు ప్రారంభం. ఇస్త్రీగారు ఆహ్వానపత్రంలో నా పేరు వేయించలేదు. 'కమిటీ పర్యవేక్షణలో' అని వేయించారు. కమిటీలో ఎవరు రబ్బరు వంగి చూశారు?

మార్చి 23

కోచ్ పడిపోయింది.

మార్చి 24

నిన్న రాయలేకపోయాను. వరుసగా రాయాలి.

ప్రారంభపు ఆట సాయంత్రం మొదలైంది. ఎండ దిగాక లైట్లు వేశారు. మెట్ల మీద చోటు లేదు. బయటి నుంచి అద్దం దివ్యంగా ఉంది, ఇందులో అబద్ధం లేదు. అవతలివాళ్ళు బంతిని ఎత్తుగా వేశారు. అది కోచ్ తల మీదుగా వెనక్కి వెళ్ళింది. ఆమె వెనుదిరిగి అద్దం వైపు పరుగెత్తింది. ఆగవలసిన చోట ఆగలేదు. బంతి ఎడమన ఉంటే ఆమె కుడికి చెయ్యి చాచింది. చాచిన చేతితోనే గోడను గుద్దుకుంది. ఆ చప్పుడు మెట్ల చివరిదాకా వినబడింది.

కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. పెదవి చిట్లింది.

అద్దానికి చిన్న గీత కూడా పడలేదు. పన్నెండు మిల్లీమీటర్లు.

ఆమెను ఎత్తుతున్నప్పుడు అంటున్న మాట నాకు వినబడింది. "రెండు బంతులు కనిపించాయి. రెండు కనిపించాయి."

మార్చి 25

కొత్తచోటు, కొత్త వెలుతురు, మొదటి ఆట, ఉద్వేగం. పరుగెత్తేవాళ్ళు చూసుకుని పరుగెత్తాలి.

మార్చి 26

ఇస్త్రీగారు తమ గదికి పిలిచారు. కూర్చోమన్నారు. ఇదివరకు ఎన్నడూ అనలేదు.

కోచ్ సంగతి బయట అందరూ మాట్లాడుకుంటున్నారట. లైట్లు వేశాక ఆ గోడ లోపలివాళ్ళకు నిలువుటద్దంలా కనబడుతోందని, బంతీ మనుషులూ అందులో రెట్టింపవుతున్నారని మరో ఇద్దరు ఆటగాళ్ళు కూడా చెప్పారట. తరువాత ఆయన గొంతు తగ్గించారు.

"మనం ఎంచుకున్నది తెల్ల అద్దం. ఆ కంపెనీ వాళ్ళు పొరపాటున రంగుది పంపారు. హడావుడిలో బిగించేశాం. అంతే కదండీ?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"కమిటీలో మీరు ఆ ఒక్కమాట అనండి చాలు. మీ మాటంటే వాళ్ళకి గురి. పన్నెండు అని మీరు పట్టుబట్టకపోతే ఆ అమ్మాయి ప్రాణాలే పోయేవి, అది కూడా నేనే చెప్తాను. మీరుండగా క్లబ్బు ఎస్టేట్ మేనేజర్ కుర్చీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచుతాం?"

ఆలోచిస్తానన్నాను. ఆ గది నుంచి బయటికి వస్తూ ఉంటే ఒళ్ళు మండిపోయింది. నన్ను అబద్ధం ఆడమని అడిగినందుకు మండింది అని రాసుకోవాలని ఉంది. కాని నన్ను మొదటిసారి కూర్చోమన్నందుకు నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం మీద మండింది.

మార్చి 27

బావమరిది ఇంటికి వచ్చాడు. వేళాకోళం లేదు. చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, పరాయివాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. క్లబ్బు నుంచి వాళ్ళ యజమానికి ఫోను వెళ్ళిందట. పంపిన సరుకు వేరు, చూపిన నమూనా వేరు అన్నారట. అదే నిజమైతే పొరపాటు అమ్మకాలు చూసినవాడిది. యజమాని రేపో ఎల్లుండో తేలుస్తానన్నాడట.

"బావగారూ, మీరు లైట్లేసి లోపల్నుంచి చూశానన్నారు. నేను మా ఓనరుకి అదే చెప్పాను. కమిటీలో కూడా మీరు అదే చెప్తారు కదా?"

పనికి సంబంధించిన మాటలు ఇంట్లో వద్దన్నాను. పెద్దగానే అన్నాను. అతను లేచి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళాడు.

తరువాత మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"మీరు లోపలికెళ్ళి చూశారా, లేదా?"

నా ఉద్యోగం నాకు తెలుసునన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"బూట్లు విప్పాలన్నారట కదా. ఆ రోజు మీరు బొటనవేలు బయటికొచ్చే మేజోళ్ళు వేసుకెళ్ళారు. మార్చుకోమంటే వినలేదు. అంతమంది పెద్దవాళ్ళ ముందు మీరు బూట్లు విప్పి ఉండరు. మిమ్మల్ని నాకు తెలీదా?"

మార్చి 28

ఆవిడతో మాట్లాడలేదు.

మార్చి 29

ఈరోజు కూడా.

వెనక్కి తిప్పి ఫిబ్రవరి 18 చదివాను. 'బయటి నుంచీ లోపలి నుంచీ చూసే ఖాయం చేశాను.' ఎవరూ చదవని పుస్తకంలో ఎవరిని నమ్మించడానికి రాశాను? ఆ వాక్యం నా వాక్యాలన్నిటిలోకీ నిటారుగా ఉంది.

మేజోళ్ళ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నిజమే. బొటనవేలు బయట ఉంది, గోరు కూడా తీసుకోలేదు. ఆ సభ్యుల మేజోళ్ళు కొత్త నోట్లలా ఉన్నాయి. నా పాదం చూసి ఇస్త్రీగారు ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, టీవాడు కూడా నవ్వుతాడు అనుకున్నాను. మరునాడు ఒంటరిగా వచ్చి చూద్దామనీ అనుకున్నాను. మరునాడు ఆర్డరు పంపవలసిన రోజు. నేను మాట ఇచ్చిన రోజుకు పని జరగలేదంటే ఎవరికీ కనబడని చోట నా పరువు పోతుంది. అందుకని పంపాను.

ఎవరి మీద కోపం రావాలో వాళ్ళెవరూ దొరకడం లేదు. సూర్యుడి మీద వచ్చింది కొంతసేపు.

మార్చి 30

కోచ్‌ను చూడటానికి వెళ్ళాను. మేడ మీద ఒకే గది. గోడకు వేలాడుతున్న రాకెట్ల మీద తువ్వాలు ఆరవేసి ఉంది. మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో నాకు కుర్చీ జరిపింది, వద్దంటున్నా వినలేదు. మణికట్టులో నరం దెబ్బతిన్నదట. పట్టు మునుపటిలా వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నాడట. ఈ ఏడు పోటీలు లేవు. ఇవన్నీ ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

నేను అద్దం మాట ఎత్తబోయాను. ఆమే అందుకుంది.

"నేను దాన్నే ఆలోచిస్తున్నా సార్. ఎవరికైనా కొత్త గోడంటే మొదట్లో అనుమానం ఉంటుంది, ఒక అడుగు ముందే ఆగుతాం. నేను ఆగలేదు. మీరు చూశానన్నారు కదా, అందుకే ఆగలేదు. తొందర నాదే."

నిందించడానికి అనలేదు. నన్ను ఓదార్చడానికి అన్నది.

మంచినీళ్ళు అడిగి తాగాను. ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. మెట్లు దిగి వీధి చివరిదాకా వచ్చాక ఒక దుకాణపు ఇనుప తలుపును కాలితో తన్నాను. దుకాణదారుడు బయటికి వచ్చి, "ఏమైందండీ పెద్దమనిషీ?" అన్నాడు. పెద్దమనిషి అన్నందుకు అతనితో కూడా తగవు పెట్టుకునేవాణ్ణే.

మార్చి 31

కోర్టు మూసి ఉంది. తాళం నా దగ్గరే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు వెళ్ళి లైట్లన్నీ వేశాను. బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను.

రాయాలి కనుక రాస్తున్నాను. వెనక గోడ లేదు. దాని చోట ఇంకొక కోర్టు ఉంది. అందులో అవే లైట్లు, అదే వల, అదే పచ్చిక, ఆ పచ్చిక మీద చొక్కా గుండీలన్నీ పెట్టుకున్న ఒక మనిషి. ఒక బంతి ఎత్తుగా విసిరి దాని వెనక నడిచాను, పరుగెత్తలేదు. అయినా నావైపు రెండు వచ్చాయి. ఒకదాని నుంచి తప్పుకున్నాను. రెండవది చెవి మీద తగిలింది.

ఇది కనిపెట్టడానికి మనిషికి ఒక చూపు చాలు. ఆ అమ్మాయి అడిగింది ఆ ఒక్క చూపు.

పది కాదు పన్నెండు అని నేను చేసిన యుద్ధం గుర్తుకువచ్చింది. ఆ యుద్ధం సరైనదే. ఇప్పటికీ ఎవరైనా పది అంటే కొట్లాడతాను. కాని ఆ గెలుపు రోజు నుంచి నేను ఇంకేదీ చూడలేదు. అందరూ నన్ను చూస్తున్నారా లేదా అన్నదొక్కటే చూశాను.

లైట్లు ఆర్పి, తాళం వేసి, ఇంటికి వెళ్ళి మా ఆవిడతో రేపు కమిటీ ఉందని చెప్పాను. ఆవిడ సరేనన్నది. అంతకుమించి అననందుకు కోపమూ వచ్చింది, ప్రాణమూ లేచివచ్చింది.

ఏప్రిల్ 1

కమిటీలో బావమరిదినీ, అతని యజమానినీ కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఇస్త్రీగారు వినయంగా, "మన పర్యవేక్షకుడుగారు ఒక విషయం చెబుతారు" అన్నారు.

లేచి చెప్పాను. రాసుకున్న మాటలు కాదు, వచ్చిన మాటలు.

"ఎంచుకున్నది పొగరంగే. ఎంచుకున్నది నేనే. వాళ్ళు నేను అడిగిందే పంపారు. లోపల్నుంచి చూడమని కోచ్ నన్ను అడిగింది. నేను చూడలేదు. చూశానని చెప్పాను."

టీవాడు గుమ్మంలో ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది.

ఇస్త్రీగారు కాగితాలు సర్దుకున్నారు. నేను బాగా అలిసిపోయానని, ఈ మధ్య ఒత్తిడి ఎక్కువైందని సభ్యులతో చెప్పారు. తరువాత నాతో, అందరికీ వినబడేటట్టే చెప్పారు.

"ఇదంతా రాతలో పెట్టొద్దు. అద్దాలు మార్పిద్దాం. కోచ్‌కి కాంతి ప్రతిఫలనం వల్ల జరిగిందని చెబితే చాలు. ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్నది ఆ అమ్మాయికి అనవసరం."

సభ్యులు తలలు ఊపారు. అద్దానికి ఒక్కమాట దొరికింది, మనిషికి అదీ లేదు. అవసరమో అనవసరమో తేల్చవలసింది చెయ్యి విరిగిన మనిషి అన్నాను. సమావేశం ముగిసిందన్నారు.

రేపటి నుంచి సామాను గది చూసుకోమని సాయంత్రం కబురు వచ్చింది.

ఏప్రిల్ 2

బావమరిది ఉద్యోగం నిలిచింది. ధన్యవాదాలు చెబుతాడేమోనని, చెబితే ఎలా వారించాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

"నాకు మీరు మేలేం చెయ్యలేదు బావగారూ. నా మీద పడబోయిన తప్పు మీదే. దాన్ని మీరు తీసుకున్నారు. అంతే."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నాకంటే చిన్నవాడు. ఆ మాటలో తప్పు వెతికాను. ఇంకా వెతుకుతున్నాను.

వెళ్ళేటప్పుడు మా ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగాడు.

ఏప్రిల్ 5

కోచ్ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. మేడ మెట్ల దగ్గరే ఎదురైంది, వేళ్ళకు వ్యాయామం చేయించుకోవడానికి వెళుతోంది. క్లబ్బువాళ్ళు వచ్చి లైట్ల కాంతి ప్రతిఫలించినందువల్ల జరిగిందని చెప్పారట. "మీరేం మనసులో పెట్టుకోకండి సార్" అన్నది. నేను తల ఊపాను. ఊపాను. కమిటీ ముందు లేచి నిలబడినవాణ్ణి, ఆ అమ్మాయి ముందు ఎద్దులా తల ఊపి తిరిగివచ్చాను.

ఏప్రిల్ 6

నా నోటిని నమ్మలేను. అది రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి రెండుసార్లు మూతబడింది. కనుక ఈ పుస్తకాన్ని ఎవరు చదవాలో ఇక్కడే నిర్ణయిస్తున్నాను.

ముందుగా కోచ్ చదవాలి. అక్కడక్కడా తిప్పి కాదు, మొదటి పుట నుంచి. రేపు నేనే తీసుకువెళ్ళి ఆమె ఎడమచేతికి ఇస్తాను. బల్ల మీద పెట్టి వచ్చెయ్యను. చదివేంతవరకూ ఎదురుగా కూర్చుంటాను. మంచినీళ్ళు అడగను. ఆమె నన్ను ఏమైనా అంటే వింటాను. ఏమీ అనకపోతే అదీ వింటాను. తరువాత దీన్ని ఉంచుకోవాలన్నా, క్లబ్బు మీద ఫిర్యాదుగా ఎక్కడికైనా తీసుకువెళ్ళాలన్నా, పొయ్యిలో వేయాలన్నా ఆమె ఇష్టం.

ఆమె తిరిగి ఇస్తే బావమరిది చదవాలి. అతని గురించి రాసిన మాటల్ని కొట్టివేయలేదు.

మా ఆవిడకు ఇవ్వనక్కరలేదు. ఆవిడ నన్ను చదివింది.

ఇస్త్రీగారికి చూపించకూడదు. ఆయన ఎలా చదువుతారో తెలుసు, పురాణం ఎందుకంటారు.

కొత్త అద్దాలు ఎంచుకోవడానికి నా స్థానంలో వచ్చేవాడికి ఇవ్వవచ్చు. అతను గర్వం ఉన్నవాడైతే తప్పక ఇవ్వాలి. మందం విషయంలో నా మాట వినమని చెప్పాలి.

కోచ్ పొయ్యిలో వేస్తే మాత్రం ఈ వరుస ఆమెతోనే ఆగుతుంది. ఎవరూ ఆమెను ఎందుకు అని అడగకూడదు. నేనైతే అసలు అడగకూడదు.